రహస్యమేదో ముందు చెప్పండి

1977లో కోకాకోలా కంపెనీ మన దేశాన్ని విడిచి వెళ్ళిన సంగతి ఈ సంచిక పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అప్పటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం సంస్థలో విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలనీ, పానీయం తయారుచేసే పరిజ్ఞానాన్ని కూడా ఆ భారతీయ సంస్థకే అప్పగించాలనీ జనతా ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్. కంపెనీ అంత పెద్ద విపణిని వదులుకొన్నది గాని ఫార్ములాను వదులుకోలేదు. మళ్ళీ 1993లో గాని మన గడప తొక్కలేదు. ఆ మధ్యకాలంలో ప్రభుత్వరంగ సంస్థ తయారుచేసిన ‘డబుల్ సెవెన్’ అనే పానీయాన్ని తాగినవారు మన సంఘంలోనూ ఉన్నారు. దాని రుచి సంగతి వారినే అడగడం మంచిది.

ఒక ప్రభుత్వంతో వచ్చిన ఆ తగవు మనవారందరికీ తెలుసు. అదే ఫార్ములా మీద ఆ కంపెనీకి సొంతగడ్డపై, తన సరుకును సీసాలకెత్తి అమ్మే సంస్థలతోనే వచ్చిన తగవు అంతగా తెలియదు. కంపెనీకీ ఆ సంస్థలకూ మధ్య సిరప్ ధరను నిర్ణయించే ఒప్పందాలు 1921 నాటి ఒక కోర్టు రాజీ నుండి వస్తున్నవి. 1982లో డైట్ కోక్ బజారులోకి వచ్చింది. కొత్త సిరప్‌కు పాత ఒప్పందం వర్తించదని కంపెనీ అన్నది. పేరు మారినా సరుకు అదే కనుక వర్తిస్తుందని సీసాల వారు అన్నారు. లూయిసియానాలోని ష్రీవ్‌పోర్ట్ సంస్థ మొదలైనవారు డెలావేర్ ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేశారు. రెండు సిరప్‌లూ ఒకటేనా కాదా అని తేల్చాలంటే రెండింటి పాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడాలి. కనుక ఫార్ములా చూపించమని వాదులు అడిగారు.

ఆ ఫార్ములాలో ‘మర్చండైజ్ 7ఎక్స్’ అని పిలిచే ఒక సుగంధ మిశ్రమం ఉన్నది. అందులోని దినుసులు, పాళ్ళు కంపెనీ మొత్తం మీద ఇద్దరికి మాత్రమే తెలుసుననీ, వ్రాతప్రతి అట్లాంటాలోని ఒక బ్యాంకు ఖజానాలో ఉన్నదనీ, బోర్డు తీర్మానం లేనిదే దానిని తెరవరనీ కంపెనీ ప్రమాణపూర్వకంగా చెప్పుకొన్నది. న్యాయమూర్తి మరే ష్వార్ట్జ్ ఆ మాటలను తేలికగా తీసుకోలేదు. ఐనా 1985 ఆగస్టులో ఫార్ములాను చూపించి తీరాలని ఆదేశించారు. అందరికీ కాదు, వాదుల తరఫు న్యాయవాదులకు, స్వతంత్ర నిపుణులకు మాత్రమే, గోప్యతా షరతులతో. కంపెనీ అందుకు కూడా ఒప్పుకోలేదు. 1986లో న్యాయస్థానం దానిని దావా ఓడిపోయినట్లు ప్రకటించలేదు గాని, దాచినందువలన కలిగే నష్టం దాచినవారి మీదనే పడేలా ఆంక్షలు విధించింది. ఫార్ములా మాత్రం ఖజానా దాటలేదు. 2011 చివరలో దానిని అట్లాంటాలోని కంపెనీ ప్రదర్శనశాలకు మార్చారు. సందర్శకులు టికెట్టు కొని ఆ ఖజానా తలుపును చూసి రావచ్చు. రహస్యాన్ని దాచుకోవడం ఒక విద్య. దాచుకొన్నామని చూపించి డబ్బు చేసుకోవడం అంతకు మించిన విద్య.

ఈ కథను మన విజ్ఞాన విభాగంలోకి ఎందుకు తెచ్చానంటే, మన కుటుంబాలలో ఎక్కువ భాగం బ్రతుకుతున్నది ఇటువంటి ఫార్ములాల మీదనే. సాఫ్ట్‌వేరు, ఔషధాలు, చిప్‌లు, రసాయనాలు: మనవారు పనిచేసే ఏ రంగమైనా పోటీ సంస్థల నడుమ ఒప్పందాల మీద నడుస్తుంది. ఒప్పందం చెడితే దావా, దావాలో ‘మా వ్యాపార రహస్యం దొంగిలించారు’ అన్న అభియోగం, ఆ వెంటనే డిస్కవరీ.

డిస్కవరీ అన్న మాట మనకు కొత్త లోకాలు కనుగొనడాన్ని స్ఫురింపజేస్తుంది. కోర్టు భాషలో దాని అర్థం వేరు. విచారణకు ముందే ఒక పక్షం తన దగ్గరున్న సంబంధిత పత్రాలను, కంప్యూటరు ఫైళ్ళను, ఉత్తరాలను ఎదుటి పక్షానికి చూపించవలసిన బాధ్యత అది. ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా సమాధానాలివ్వాలి. సాక్షులు డిపోజిషన్ అనే వాఙ్మూలానికి ప్రమాణం చేసి కూర్చోవాలి. ఫెడరల్ కోర్టులలో మామూలుగా ఒక్కొక్కరికి ఒక రోజు, ఏడు గంటలు. మన దేశపు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పదకొండవ ఆర్డరు కింద ఇటువంటి ఏర్పాటు ఉన్నా, అక్కడ అది పక్కవాద్యమే. ఇక్కడ, 1938లో ఫెడరల్ నియమాలు వచ్చింది మొదలు, కచేరీ అంతా అదే. విచారణ దాకా వెళ్ళే దావాలు బహు తక్కువ. డిస్కవరీలో ఏమి బయటపడింది, దానికి ఎంత ఖర్చయింది అన్న లెక్క మీదనే చాలా వరకు రాజీ కుదురుతుంది.

సామాన్యమైన తగవులో పత్రాలు చూపించడం చికాకు మాత్రమే. వ్యాపార రహస్యం విషయంలో అది ప్రాణగండం. ఇంకొకరికి తెలియకపోవడం వలననే విలువ కలిగినది, తెలియకుండా ఉంచడానికి యజమాని తగిన జాగ్రత్త తీసుకొన్నది: చట్టం దృష్టిలో వ్యాపార రహస్యమంటే ఇంతే. పేటెంటుకు కాలపరిమితి ఉన్నది, బదులుగా దానిని లోకానికి వెల్లడించాలి. రహస్యానికి గడువు లేదు, కాని ఒకసారి బయటపడితే తిరిగి రాదు. దొంగతనం జరిగిందని నిరూపించాలంటే పోయిన వస్తువు ఏదో చూపించాలి; చూపిస్తే ఎదుట కూర్చున్నవాడు పోటీదారుడే. అతడు మాత్రం తాను ఏమీ తీసుకోలేదని నిరూపించుకోవడానికి తన సొంత కోడునూ, తన సొంత రసాయన ప్రక్రియనూ మనకు చూపించాలి. ఒకరి వంటింట్లోకి ఒకరు తొంగిచూడకుండా ఈ వ్యాజ్యం నడవదు.

దీనికి న్యాయస్థానాలు కనిపెట్టిన ఉపాయం రక్షణ ఉత్తర్వు. పత్రాలకు అంతస్తులు నిర్ణయిస్తారు. అన్నిటికన్న పై అంతస్తు ‘న్యాయవాదుల కళ్ళకు మాత్రమే’ అన్న ముద్ర. ఆ ముద్ర పడిన కాగితాన్ని బయటి న్యాయవాదులు, అంగీకరించిన నిపుణులు చూడవచ్చు. కంపెనీ అధికారులు, ఇంజనీర్లు, చాలా సందర్భాలలో కంపెనీ జీతం మీద ఉన్న న్యాయవాది కూడా చూడకూడదు. 1992లో బ్రౌన్ బ్యాగ్, సిమాంటెక్ అనే రెండు సాఫ్ట్‌వేరు సంస్థల దావాలో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ చివరి మాటను సమర్థించింది. ఆ న్యాయవాది నిజాయితీని కోర్టు శంకించలేదు. పొద్దున పోటీదారుని రహస్యం చదివి, మధ్యాహ్నం తన యజమానికి ఒప్పందాల మీద సలహా చెప్పేవాడు, చదివినదానిని మనసులో ఏ అరలో పెట్టి తాళం వేయగలడు?

కంప్యూటరు కోడు విషయంలో కట్టుదిట్టాలు ఇంకా ఎక్కువ. ఒక గది, అందులో ఇంటర్‌నెట్టుకు గాని మరే యంత్రానికి గాని తగిలించని కంప్యూటరు. నిపుణుడు తన ఫోనును బయట వదిలి లోపలికి వెళ్ళి, చదివి, కాగితం మీద గుర్తులు వ్రాసుకొని వస్తాడు. అచ్చు వేసుకోగల పుటలకు పరిమితి, ప్రతి పుటకూ సంఖ్య. లక్షల పంక్తుల కోడును ఇలా చదవడం సాలగ్రామాన్ని గుడ్డకప్పి పూజించడం వంటిదే ఐనా, ఇంతకు మించిన మార్గం ఇప్పటివరకు ఎవరికీ తోచలేదు. ఈ ఏర్పాట్ల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దాచవలసిన అవసరం లేని భోజనాల రసీదుల మీద కూడా పై అంతస్తు ముద్ర కొట్టే అలవాటును న్యాయమూర్తులు ఇంకొంచెం గట్టిగా అదుపు చేస్తే చాలు.

నా ఫిర్యాదు వేరొకచోట ఉన్నది. ఆ గది తలుపు తెరవక ముందే వాది ఒక పని చేయాలి. తన రహస్యమేదో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అందరికీ తెలిసినదాని నుండి అది ఏ విధంగా వేరో వ్రాసి ఇవ్వాలి. ఇంట్లో దొంగలు పడ్డారని స్టేషనుకు వెళితే అక్కడి రైటరు మొదట అడిగే ప్రశ్న, ఏమి పోయింది అని. బంగారం పోయిందండీ అంటే సరిపోదు. కాసులపేరా, వంకీలా, ఎన్ని తులాలు అని అడుగుతాడు. ఆ తరువాతనే పక్కింటి సోదా. వ్యాపార రహస్యాల దావాలలో చాలాచోట్ల ఈ వరుస తలక్రిందులైంది. మొదట పక్కింటి సోదా; అక్కడ దొరికినవాటిని చూసుకొని, ఇదుగో ఇదే నాది అని చెప్పడం తరువాత.

ఇది కేవలం న్యాయవాదుల విధివిధానాల గొడవ కాదని చూపడానికి ఒక పాత ఉదాహరణ చెబుతాను. ఒహైయో రాష్ట్రంలోని హార్షా కెమికల్ అనే సంస్థ రేడియేషన్‌ను గుర్తించే సాధనాల కోసం కృత్రిమ స్ఫటికాలు పెంచేది. ద్రవస్థితి నుండి లవణాన్ని మెల్లగా, ఏ బీటా రాకుండా, ఒకే స్ఫటికంగా గడ్డకట్టించడం సులువు కాదు. ఉష్ణోగ్రత, ముడిపదార్థం శుద్ధి, చల్లార్చే వేగం అన్నీ అనుభవంతో పట్టుబడవలసిన విద్యలు. 1949లో పరిశోధన మొదలుపెట్టి, పదిలక్షల డాలర్లకు పైగా వెచ్చించి, 1966కు 17 అంగుళాల స్ఫటికాన్ని సాధించారు. అంతకు మునుపు ఎవరూ అంత పెద్దది పెంచలేదు. ఆ సంస్థ విడిచిన కొందరు ఉద్యోగులు, గోప్యతా ఒప్పందాల మీద సంతకాలు చేసినవారే, 1969 ఆగస్టులో ఏర్పడిన బైక్రాన్ అనే పోటీ కంపెనీలో చేరారు. 1970 ఏప్రిల్‌కు బైక్రాన్ కూడా 17 అంగుళాల స్ఫటికాన్ని పెంచింది.

అక్కడ పదిహేడేళ్ళు, ఇక్కడ తొమ్మిది నెలలు. చదివినవారెవరైనా దొంగతనమనే అంటారు. హార్షా యజమాని ఐన కివానీ ఆయిల్ కంపెనీ దావా వేసి 40 రహస్యాలు పోయాయని చెప్పింది. జిల్లా న్యాయస్థానం ఒక్కొక్కటిగా పరిశీలించి వాటిలో 20 విషయాలలో మాత్రమే నిషేధాజ్ఞ ఇచ్చింది. 1974లో సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యంలోనే, పేటెంటు చట్టం ఉన్నంత మాత్రాన రాష్ట్రాల వ్యాపార రహస్య చట్టాలు చెల్లకుండా పోవని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తీర్పు కోసమే ఈ కేసును చదువుతారు. నేను చదివేది ఆ 20ని చూసి. ఇంత స్పష్టంగా కనిపించిన కేసులో కూడా వాది తనదన్నదానిలో సగానికే ఆజ్ఞ దక్కింది. తక్కిన సగం? అది ఆ మనుషుల చేతివాటం కావచ్చు, పుస్తకాలలో ఉన్న విద్య కావచ్చు. పదేళ్ళు కొలిమి దగ్గర నిలబడినవాడు తన చేతులను పాత యజమాని దగ్గర వదిలి వెళ్ళలేడు కదా!

కెవ్లార్ కథ ఇంకా విచిత్రం. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫానీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు కనుగొన్న ఆ నార తుపాకీ గుండును ఆపే చొక్కాలకు ప్రసిద్ధి. కొత్త పదార్థం మీది పేటెంటుకు గడువు తీరుతుంది. కాని గాఢ గంధకామ్లంలో కరిగించిన పాలిమరును సన్నని రంధ్రాల గుండా నారగా తీసే పనితనం మిగిలి ఉంటుంది. అదే డ్యూపాంట్ దాచుకొన్నది. కొరియాకు చెందిన కోలాన్ అనే పోటీ సంస్థ, డ్యూపాంట్ మాజీ ఉద్యోగిని సలహాదారుగా పెట్టుకొని ఆ రహస్యాలను రాబట్టిందని 2009లో వర్జీనియాలో దావా పడింది. దావా పడిన సంగతి తెలియగానే కోలాన్ ఉద్యోగులు కొందరు తమ కంప్యూటర్లలోని ఫైళ్ళను, ఉత్తరాలను వేలకొద్దీ తుడిచివేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్లయింది. తుడిచివేసినవి తమకు హానికరమైనవే ఐ ఉంటాయని భావించవచ్చునని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు. 2011లో జ్యూరీ 149 రహస్యాలు అపహరణకు గురైనవని తేల్చి, దాదాపు 92 కోట్ల డాలర్ల పరిహారం విధించింది.

2014లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఎందువలన? 1980లలో అక్జో అనే మరొక పోటీదారునితో డ్యూపాంట్ నడిపిన పాత వ్యాజ్యంలోనే ఈ రహస్యాలలో కొన్ని బహిరంగమైనవని చూపించడానికి కోలాన్‌కు అవకాశం ఇవ్వలేదు గనుక. పోయిందంటున్న నగ కొంతకాలం క్రితం పెళ్ళిలో అందరి ముందూ మెడలో వేసుకొన్నదే అని చెప్పనివ్వకుండా దొంగను శిక్షించడం వంటిదది. కడకు 2015లో కోలాన్ క్రిమినల్ నేరాన్ని ఒప్పుకొని, 8.5 కోట్ల డాలర్ల జరిమానా, 27.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది. కనుక దోషం లేదని నేను అనడం లేదు. 149 అంశాలలో ఏవి నిజమైన రహస్యాలో, ఏవి ఎప్పుడో వీధిన పడ్డవో మొదటే విడదీసి ఉంటే అన్నేళ్ళు, అన్ని కోట్ల ఖర్చు తగ్గి ఉండేవి.

కాలిఫోర్నియావారు ఈ సంగతిని ముందే గ్రహించారు. 1968లో డయోడ్స్ అనే సెమీకండక్టరు సంస్థ, తనను విడిచి పోటీ సంస్థ పెట్టుకొన్న పాత అధికారుల మీద వేసిన దావాలో అక్కడి అప్పీలు కోర్టు, రహస్యమేదో ప్రతివాదికీ కోర్టుకూ తెలిసేటట్లు వర్ణించవలసిందేనన్నది. 1984లో శాసనసభ దానిని నియమంగా మార్చింది: వాది తన రహస్యాన్ని తగినంత నిర్దిష్టంగా గుర్తించిన తరువాతనే దానికి సంబంధించిన డిస్కవరీ మొదలుకావాలి. సిలికాన్ లోయలో మనవాళ్ళు ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి అంత స్వేచ్ఛగా మారగలగడానికి వాతావరణం ఒక్కటే కారణం కాదు.

2016లో వచ్చిన ఫెడరల్ చట్టంలో అటువంటి వాక్యం లేదు. ఒక్కొక్క న్యాయమూర్తి తన విచక్షణతో ఆ పని చేయించవచ్చు. స్వయంచాలిత కార్ల విషయమై గూగుల్ కుటుంబానికి చెందిన వేమో సంస్థ 2017లో ఊబర్ మీద వేసిన ప్రసిద్ధ దావాలో న్యాయమూర్తి విలియం ఆల్సప్ అదే చేశారు. వేమో మొదట 121 రహస్యాల జాబితా ఇచ్చింది. విచారణకు పదికి లోపు తెమ్మన్నారు. 2018 ఫిబ్రవరిలో విచారణ నడుమనే రాజీ కుదిరింది. ఐతే 2025 ఆగస్టులో క్వింటారా అనే జీవసాంకేతిక సంస్థ వ్యాజ్యంలో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు, ఫెడరల్ చట్టం కింద వచ్చిన దావాలో డిస్కవరీకి ముందే రహస్యాన్ని నిర్దిష్టంగా చెప్పాలన్న నిబంధన లేదని తేల్చింది. చట్టంలో లేని వాక్యాన్ని చదవలేమని కోర్టు అనడంలో తప్పులేదు. ఆ వాక్యాన్ని చేర్చకపోవడం కాంగ్రెసు చేసిన లోపమని నా అభిప్రాయం.

ఎదుటివారి వాదన కూడా చెప్పాలి. అది తేలికైనది కాదు. దొంగ పట్టుకుపోయిన మూటలో ఏమున్నదో ఇంటాయనకు ఎలా తెలుస్తుంది? మూట విప్పితేనే గదా తెలిసేది. వేమోకు అనుమానం కలిగిందే అనుకోకుండా. విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థ ఊబర్‌కు సంబంధించిన లైడార్ సర్క్యూట్ బొమ్మను పంపుతూ, పొరపాటున ఆ ఉత్తరంలో వేమో ఉద్యోగిని కూడా చేర్చింది. ఆ బొమ్మ తమదానిని పోలి ఉన్నదని అప్పుడు గమనించారు. తమ ఉద్యోగి ఒకరు వెళ్ళేముందు 14,000కు పైగా ఫైళ్ళు దింపుకొన్నాడని తరువాత కనుగొన్నారు. మొదటే ఖచ్చితమైన జాబితా అడిగితే అసలు పోయినది జాబితాకెక్కక తప్పించుకొనే ప్రమాదం ఉన్నది. అంతేకాదు, ‘ఇంకా స్పష్టంగా చెప్పలేదు’ అని ప్రతివాది నెలల తరబడి సాగదీసి, ఆలోగా సరుకును బజారులోకి తేగలడు. కాలిఫోర్నియాలో ఈ సాగతీత జరగని వింత కాదు.

దీనికి నా సమాధానం ఒక్కటే. జాబితా తరువాత సవరించుకోవడానికి అనుమతించండి, కారణం చూపించమనండి. కాని ఖాళీ కాగితంతో తలుపు తట్టనివ్వకండి. ఫైళ్ళు తుడిచివేయకుండా ఆపడానికి జాబితా కోసం ఆగనక్కరలేదు. భద్రపరచమన్న ఆజ్ఞ మొదటి రోజునే ఇవ్వవచ్చు. భద్రపరచడం వేరు, చూపించడం వేరు.

ఈ తేడా ఎవరికి ఎందుకు ముఖ్యమో మనవారికి దగ్గరి ఉదాహరణతో చెబుతాను. విస్కాన్సిన్‌లోని ఎపిక్ సంస్థ ఆసుపత్రుల సాఫ్ట్‌వేరుకు పేరు పొందింది. 2005లో టాటా కన్సల్టెన్సీ దానితో ఒక ఒప్పందం మీద సంతకం చేసింది. టాటావారికి సొంతంగా ‘మెడ్ మంత్ర’ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేరు ఉన్నది, అనగా ఒక విధంగా పోటీదారులు. కైజర్ అనే పెద్ద ఆరోగ్య సంస్థ కోసం పనిచేస్తున్న టాటా ఉద్యోగులు, తమకు అనుమతి లేని ఎపిక్ వెబ్ భాండాగారంలోకి కైజర్ ఉద్యోగులమని చెప్పుకొని ప్రవేశించి వేలాది పత్రాలు దింపుకొన్నారు. 2014లో దావా. 2016లో జ్యూరీ 24 కోట్ల డాలర్ల పరిహారం, శిక్షగా మరో 70 కోట్లు, మొత్తం 94 కోట్లు విధించింది.

ఆ 24 కోట్లలో 14 కోట్లు ఒక నిర్దిష్టమైన వస్తువుకు సంబంధించినవి: ఎపిక్ సరుకునూ మెడ్ మంత్రనూ పోలుస్తూ టాటాలో తయారైన ఒక పట్టిక. తక్కిన 10 కోట్లు ‘ఇతర వినియోగాలకు’. న్యాయమూర్తి ఆ పది కోట్లు కొట్టివేశారు, ఆ ఇతర వినియోగం ఏమిటో సాక్ష్యంలో లేదు గనుక. శిక్షార్థపు మొత్తం మొదట 28 కోట్లకు, అప్పీలులో 2020లో 14 కోట్లకు దిగింది. కడకు మొత్తం 28 కోట్ల డాలర్లు నిలిచింది. 2023లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఎక్కడ వస్తువు పేరు స్పష్టంగా ఉన్నదో అక్కడ పరిహారం నిలబడింది; ఎక్కడ పేరు లేదో అక్కడ కూలిపోయింది. చేసిన పని తప్పే. ఆ పని ఒప్పని వాదించే మనవాళ్ళతో నేను ఏకీభవించను. అడ్డదారిన తెచ్చుకొన్న పాస్‌వర్డుతో ‘క్లయింటు పని తొందరగా అవుతుంది కదా’ అనుకోవడం మన ఔట్‌సోర్సింగు సంస్కృతిలో ఉన్న నిజమైన జబ్బు.

కాని ఇటువంటి దావాలలో ఆ 28 కోట్లు కట్టేది కంపెనీ. డిస్కవరీ తగిలేది మనుషులకు. ఒక ఇంజనీరు ఒక సంస్థ నుండి దాని పోటీ సంస్థకు మారాడనుకోండి. పాత సంస్థ రహస్యమేదో చెప్పకుండానే దావా వేసింది. సంబంధమున్నదేదో తెలియనప్పుడు సంబంధం లేనిదేదో చెప్పలేము. కనుక అతని ఆఫీసు యంత్రంతో బాటు ఇంటి కంప్యూటరూ, ఫోనూ, పిల్లల ఫొటోలు దాచుకొన్న యు.ఎస్.బి. కూడా నకలు తీసే నిపుణుని బల్ల మీదకు చేరుతాయి. భార్యాభర్తలు ఒకే కంప్యూటరు వాడుతుంటే ఆమె ఉద్యోగం కాగితాలూ అందులోనే ఉంటాయి. తరువాత డిపోజిషన్. పక్కన కూర్చున్న న్యాయవాది చల్లగా మాట్లాడతాడు. ఐతే అతడు కంపెనీ న్యాయవాది. అతనితో చెప్పుకొన్న మాటల గోప్యత కంపెనీ ఆస్తి, ఉద్యోగి ఆస్తి కాదు. 1981 నాటి అప్‌జాన్ తీర్పు నుండి న్యాయవాదులు ఈ హెచ్చరికను ముందే చెప్పే ఆచారం వచ్చింది. మనవారు దానిని తలూపుతూ విని మరచిపోతారు. అవసరమైతే సొంత న్యాయవాది కావాలని ఆ క్షణంలోనే అడగాలి.

హెచ్-1బి మీద ఉన్నవారికి ఇందులో మరొక ముడి ఉన్నది. తగవు పెద్దదైతే కొత్త కంపెనీకి తేలిక దారి, ఆ మనిషిని తీసివేయడం. 2017 నుండి ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయినవారికి దొరికే వెసులుబాటు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. పేరు చెప్పని రహస్యం మీద నడిచే వ్యాజ్యం మొదటి వాయిదాకు చేరడానికే అంతకన్న ఎక్కువ పట్టవచ్చు. ఆ మనిషి ఏమీ దొంగిలించలేదని రెండేళ్ళ తరువాత తేలినా, పిల్లల బడి మధ్యలో ఆపి తిరిగి వెళ్ళిన కుటుంబానికి ఆ తీర్పు ఏమి చేసుకోవాలో తెలియదు. ‘తప్పు చేయనివానికి భయమెందుకు’ అనేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

మన దేశం సంగతి చూద్దాము. భారతదేశపు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం చెల్లదంటుంది. కాలిఫోర్నియాలోనూ అదే సంవత్సరం నుండి అదే సూత్రం. రెండింటి వెనుకా న్యూయార్కు న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ వ్రాసిన ముసాయిదానే ఉండడం విశేషం. ఆయన సొంత రాష్ట్రం మాత్రం దానిని స్వీకరించలేదు. పోటీ సంస్థల వ్యాజ్యాలలో ఢిల్లీ హైకోర్టు 2018 నియమాలలో ‘గోప్యతా క్లబ్బు’ అనే పద్ధతిని తెచ్చింది. మనం పైన చెప్పుకొన్న రక్షణ ఉత్తర్వుకు అది చెల్లెలు. ప్రత్యేకమైన వ్యాపార రహస్య చట్టం లేక మన కోర్టులు ఇంతకాలం ఒప్పందాల చట్టం, ధర్మన్యాయ సూత్రాల మీదనే నెట్టుకొచ్చాయి. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో అటువంటి చట్టం కావాలని సిఫార్సు చేసి ముసాయిదా కూడా జతపరిచింది.

హైదరాబాదు ఔషధ సంస్థలకూ, సాఫ్ట్‌వేరు సంస్థలకూ ఆ చట్టం వలన మేలే జరుగుతుంది. వారి దగ్గర ఇప్పుడు దాచుకోదగినది చాలా ఉన్నది. ఆ సంస్థల నుండి బయటకు వచ్చి సొంతంగా చిన్న ప్రయోగశాల పెట్టుకొనే పాతికేళ్ళ కుర్రవాడికి కూడా మేలు జరగాలంటే, 1984లో కాలిఫోర్నియా శాసనసభ వ్రాసిన ఆ ఒక్క వాక్యాన్ని అందులో చేర్చాలి. మన సభ్యులలో అక్కడి పార్లమెంటు సభ్యులతోనూ, న్యాయవాదులతోనూ పరిచయాలున్నవారు చాలామంది ఉన్నారు. ముసాయిదా కాగితం మీద ఉండగానే ఈ మాట వారి చెవిన వేయడం మంచిది. చట్టమై బయటకు వచ్చిన తరువాత ఒక వాక్యం చేర్చడానికి మన దేశంలో ఎంతకాలం పడుతుందో ఈ సంచిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.